రోగి రహస్యానికి తాళం

వైద్యవృత్తి నుండి విరమించినా నా పాత రోగుల వివరాలు నన్ను విడిచిపెట్టలేదు. ఎవరికి పెన్సిలిన్ పడదో, ఎవరు క్షయకు ఎన్ని నెలలు మందు వాడారో, ఎవరు ఇంట్లోవారికి సైతం చెప్పలేని జబ్బును నాకు మాత్రమే చెప్పుకున్నారో, అదంతా స్కాన్ చేసి, అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులో భద్రపరచుకున్నాను. ఊరు వెళ్లినప్పుడు ఎవరైనా ఫోను చేస్తే చూడడానికి వీలుగా, ఎస్‌ఎస్‌హెచ్ పద్ధతిలో దూరం నుండి తెరిచే ఏర్పాటు చేశాను. దానికి రక్షణ ఒక్క పాస్‌వర్డు: మనుమరాలి పేరు, పుట్టిన సంవత్సరం!

ఒకనాడు ఆ యంత్రం రాసుకొనే చిట్టా తెరచి నిర్ఘాంతపోయాను. ఒక్క రాత్రిలో వందలసార్లు ఎవరో తలుపు తట్టారు. 'రూట్', 'అడ్మిన్', 'పై' అని పేర్లు మార్చి మార్చి పాస్‌వర్డులు ప్రయత్నించారు. నామీద పగతో కాదు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న 22వ నంబరు పోర్టుల కోసం యంత్రాలే నిరంతరం ఇలా గాలిస్తుంటాయి. లోపలికి ఎవరూ రాలేదు. అయినా నాకు నిద్ర పట్టలేదు. పోయేది నా సొమ్ము కాదు, నన్ను నమ్మినవారి పరువు.

మర్నాడే కీ పద్ధతికి మారాను. ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ అనే ఆదేశంతో రెండు కీలు పుడతాయి. పబ్లిక్ కీ తాళంకప్ప వంటిది. దానిని సర్వరుకు బిగిస్తాము. ప్రైవేట్ కీ తాళంచెవి; అది నా ల్యాప్‌టాప్ దాటి బయటికి పోదు. అది తన వద్ద ఉన్నదని ల్యాప్‌టాప్ ఒక డిజిటల్ సంతకంతో రుజువు చేస్తుంది. ఆ కీకి కూడా ఒక రహస్య వాక్యం పెట్టుకున్నాను.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. కీ ఇచ్చినా సర్వరు పాస్‌వర్డే అడిగింది. కీలుండే ఫోల్డరులో ఇతరులు కూడా రాయడానికి అనుమతి ఉంటే సర్వరు ఆ కీలను నమ్మదట! ఫోల్డరుకు 700, లోపలి ఫైలుకు 600 అనుమతులివ్వగానే తలుపు తెరుచుకుంది. ఆ తరువాతే పాస్‌వర్డు ప్రవేశాన్ని రద్దు చేశాను. అప్పుడు కూడా పాత కిటికీ మూయకుండా, మరో కిటికీలో కీతో లోపలికి వెళ్లి సరిచూసుకున్నాను. లేకుంటే నా ఇంటికి నేనే బయట నిలబడవలసి వచ్చేది. రెండవ తాళంచెవి ఒకటి పెన్‌డ్రైవులో దాచాను. ల్యాప్‌టాప్ పోతే సర్వరులో దాని పబ్లిక్ కీ ఉన్న ఒక్క వరుస తొలగిస్తే చాలు.

ఇప్పటికీ చిట్టాలో తలుపు తట్టేవారు కనిపిస్తూనే ఉన్నారు. కాని వారు ఊహించడానికి అక్కడ పాస్‌వర్డు లేదు.

మిత్రులారా, మీ రక్తపరీక్షల నివేదికలు, స్కానింగు కాగితాలు కూడా నేడు ఫోనులోనో కంప్యూటరులోనో ఉంటున్నవి. వాటికి మీ పిల్లల పేర్లే పాస్‌వర్డులైతే, ఈ రోజే మార్చండి.