కాలువగట్టున పరుగు

నలువది యారవ యేట మేము పరుగు నేర్చుకొంటిమని చెప్పిన సోదరీమణులు నవ్వుదురేమో! మొదట మేమును నవ్వితిమి. గత శీతకాలమున మా రక్తపరీక్ష చూచి వైద్యుడు, చక్కెరవ్యాధి గుమ్మము వరకు వచ్చినదనియు, లోనికి రానీయకుండుట మా చేతిలోనే యున్నదనియు చెప్పెను. తాడేపల్లిగూడెమున చదువుకొనుచున్న మా యమ్మాయి ఆ మాట విని యొక బూట్లజత కొని తెచ్చెను. ఆ యూర రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములు దిగుటకై వేసిన దారిమీద తాను పరుగెత్తుచుందునని చెప్పి, “ఏలూరులో నీకు కాలువగట్టు లేదా, అమ్మా?” అనెను.

తెల్లవారుజామున కృష్ణాకాలువ గట్టున మొదటినాడు ఉత్సాహము పట్టలేక శక్తికి మించి పరుగెత్తితిమి. ఆ దినమున బాధ యేమియు లేదు. మరునాడు పిక్కలు బరువెక్కెను. మూడవనాడు మేడమెట్లు దిగలేక గోడ పట్టుకొంటిమి. పూజకు పీటపై కూర్చుండి లేవలేకపోతిమి. అత్తగారు చూచి, “ఈ వయసున పరుగు లేమిటమ్మాయీ? నలుగురు చూచిన నేమందురు?” అనిరి. బూట్లు మంచము క్రిందికి పోయినవి.

వైద్యుని మరల నడుగగా విషయము తేటపడెను. ఈ నొప్పికి కండరములలో నేదో ఆమ్లము నిలిచిపోవుటయే కారణమని చాలమంది నమ్మకము. అది నిజము కాదు. ఆ పదార్థము పరుగు ముగిసిన గంటసేపటికే చాలవరకు తొలగిపోవును. అలవాటు లేని శ్రమచేత కండరముల పోగులలో కంటికి కానరాని చిన్న చిన్న దెబ్బలు తగులును; దేహము వానిని బాగుచేయునపుడు పుట్టునదే యీ నొప్పి. అందుచేతనే యిది ఆలస్యముగా వచ్చి, రెండు మూడు దినములు ముదిరి, తరువాత తనంతట తగ్గును. గట్టెక్కుటకంటె దిగుటలో కండరము సాగుచునే బరువు మోయును గనుక దిగుటయే యెక్కువ నొప్పి కలిగించును. ఒకసారి బాగుపడిన కండరము మరల నంతే శ్రమకు అంతగా నొవ్వదు.

కావున మంచ మెక్కక మెల్లగా నడచితిమి. తరువాత అయిదు నిమిషములు నడక, ఒక నిమిషము పరుగు, మరల నడక, ఇట్లు సాగించితిమి. మన ప్రాంతపు ఉక్కపోతలో చెమట యారదు గనుక పొద్దెక్కకముందే ముగించి నీరు త్రాగుచుంటిమి. మూడు వారములకు కాళ్లు మా మాట వినెను.

కాని మెడయు, భుజములును వినలేదు! ఇల్లు చేరునప్పటికి మెడ కొయ్యబారుచుండెను. దవడ సయితము బిగుసుకొనుచుండెను. ఒక చేతితో పమిట చెదరకుండ పట్టుకొని, రెండవ చేత తాళపుచెవి బిగించి పరుగెత్తుచుంటిమి. కుక్క మొరిగిన నొక బెదురు, సైకిలుపై పోవు కుఱ్ఱవాడు నవ్విన నొక బెదురు, తెలిసిన వారెదురై “ఎక్కడికండీ యీ పరుగు?” అనిన మరియొకటి. బెదరిన దేహము దెబ్బ కాచుకొనుటకు సిద్ధపడినట్లు బిగియును. ఊపిరి పైపైననే యాడును.

ఒక ఆదివారము గూడబాతులను చూచుటకై కొల్లేటియొడ్డున ఆటపాకకు పోయితిమి. దారిలో చేపలతట్ట నెత్తిన బెట్టుకొని యొకామె వడివడిగా పోవుచుండెను. మెడ నిటారుగా నున్నది, భుజములు జారియున్నవి, చేయి హాయిగా నూగుచున్నది. నొప్పి లేదా యని యడిగితిమి. “భుజము బిగబట్టితే తట్ట నిలువదమ్మా” అని నవ్వి పోయెను.

ఆ రాత్రి కోడలి మెడకు నూనె రాయుటకు అత్తగారే వచ్చిరి. రాయుచు, తమ చిన్నతనమున కొల్లేటి లంకలో చేనికి కూడు మోసికొని గట్లవెంట పరుగెత్తెడివారమనియు, రాత్రులు పిక్కలు పీకుచుండిన నెవరును అడుగలేదనియు చెప్పిరి. కొంతసేపు ఊరకుండి, “రేపు నేనును వచ్చెదను. కుక్కల సంగతి చూచుకొందును” అనిరి.

నాటినుండి వారు కఱ్ఱ చేత బట్టుకొని రేవుమెట్లపై కూర్చుండుచున్నారు. మేము పమిట నడుమున చెక్కి, తాళపుచెవి వారికిచ్చి, వ్రేళ్లు వదులుచేసి పరుగెత్తుచున్నాము. నెల తిరుగకుండ మెడనొప్పి పోయెను. కాలికి బూట్లు కావలసినట్లే భుజమునకు ధైర్యము కావలసియుండెను.

స్త్రీల పరుగునకు జంకినది మన యూరు మాత్రమే కాదు. 1928లో ఆంస్టర్‌డాము ఒలింపిక్సునందు స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తిరి. వారు అలసిపోవుట చూచి, ఆ పోటీ స్త్రీలకు తగదని తొలగించిరి. 1960లో రోము ఒలింపిక్సునందు గాని యది తిరిగి రాలేదు. 1984లో లాస్ ఏంజిలిసున స్త్రీలకు మారథానే యేర్పడెను. మన విశాఖపట్టణపు ఆడుబిడ్డ జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాకున ఆసియా అథ్లెటిక్సు పోటీలలో 100 మీటర్ల హర్డిల్సునందు బంగారుపతకము గెలిచెను.

ఐనను నొప్పులన్నియు నోర్వదగినవి కావు. ఒక్క పిక్కయే వాచి వేడెక్కినను, ఎముకపై నొకేచోట నొక్కిన నొప్పి పుట్టినను, ఱొమ్ము నొచ్చినను, శ్రమ తరువాత మూత్రము కాఫీ డికాక్షనువలె నల్లబడినను ఆలసింపక వైద్యునికి చూపవలెను.

మీ యింట నెవరైన పరుగెత్తదలచిన “నలుగురేమందురు” అనుటకు మారుగా “నేనును గట్టువరకు వచ్చెదను” అనుడు. మా యత్తగారు ఇప్పుడు రేవునుండి వంతెన వరకు నడచుచున్నారు. నిన్న రాత్రి వారి పిక్కలు నొచ్చినవట. నూనె మేము రాచితిమి.