1820 నుంచి 1860 దాకా

మీడియం వేవ్ రేడియో ముల్లు తిప్పిన అలవాటున్నవాళ్లకు హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ దగ్గర, కడప 900 దగ్గర పలుకుతాయని గుర్తుండే ఉంటుంది. 1600 దాటాక ముల్లు కొసకు చేరి ఆగిపోతుంది. ఆ కొసకు కాస్త అవతల, మామూలు రేడియోకు అందని చోట, 1820 నుంచి 1860 కిలోహెర్ట్జ్ దాకా చిన్న ముక్కను మన దేశంలో హామ్ రేడియో వాళ్లకు, అంటే సరదా కోసం సొంత స్టేషన్ నడుపుకునేవాళ్లకు, ఇచ్చారు. మొత్తం కలిపి 40 కిలోహెర్ట్జ్‌లు. తరంగం పొడవు 160 మీటర్లు కాబట్టి దీన్ని 160 మీటర్ల బ్యాండ్ అంటారు, టాప్ బ్యాండ్ అని కూడా అంటారు. అమెరికా హామ్‌లకు ఇదే బ్యాండ్‌లో 1800 నుంచి 2000 దాకా 200 కిలోహెర్ట్జ్‌లు ఉన్నాయి.

ఏటా జనవరి ఆఖరి వారాంతంలో ఈ బ్యాండ్ మీద మోర్స్ పోటీ ఒకటి జరుగుతుంది. శుక్రవారం అర్ధరాత్రి దాటాక, మన గడియారంలో శనివారం తెల్లవారుజామున మూడున్నరకు మొదలై సోమవారం అదే వేళకు ముగుస్తుంది. ఆ రెండు రోజులూ ఇంత ఇరుకు చోట ప్రపంచమంతా ఎలా సర్దుకుంటుందో దగ్గరుండి చూడాలని కదిరికి అవతల ఒక పల్లెకు వెళ్లాను. అక్కడ ఒకాయన ఉన్నారు. కరెంటు లైన్ల మీద బతుకంతా పనిచేసి రిటైరయ్యారు. పశువుల కొట్టం పక్కన చిన్న గదిలో రేడియో పెట్టుకున్నారు.

వెలుతురుండగానే ఏరియల్ చూపిస్తానని నేరుగా చేను వైపు తీసుకెళ్లారు. 160 మీటర్ల తరంగానికి పావు వంతంటే 40 మీటర్ల తీగ కావాలి. దాన్ని నిట్టనిలువుగా నిలబెట్టడం పల్లెలో సాధ్యమయ్యే పని కాదు. ఆయన 18 మీటర్ల ఇనుప పైపు స్తంభం కట్టి, తీగను దాని కొసదాకా పైకి తీసుకెళ్లి, మిగిలినదాన్ని అక్కడినుంచి అడ్డంగా చింతచెట్టు దాకా లాగారు. కొసన కట్టింది కరెంటు స్తంభాల స్టే వైరుకు వేసే గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్. స్తంభం మొదట్లోంచి నలువైపులా ఎర్రమట్టిలో సన్నని తీగలు పాకిపోయి ఉన్నాయి. ముప్పైకి తక్కువ ఉండవు. వంగి ఒకటి వేలితో పైకి లాగాను. ఎనామిల్ పూసిన రాగి తీగ, అక్కడక్కడా నల్లగా మాడి ఉంది.

"కాలిపోయిన మోటార్ల వైండింగప్పా అది" అన్నారు. "రీవైండింగ్ అంగడి వాళ్లు తీసి పారేసేదే. మన నేల పొడి నేల, కరెంటు సరిగా పారదు. అందుకే కింద ఇన్ని తీగలు పరచల్ల. లేకుంటే మనం పంపిందంతా మట్టి తాగేస్తుంది."

చెనిక్కాయలు పీకేసి ఖాళీగా ఉన్న పొరుగు చేను మీదుగా వాయవ్యానికి ఇంకో తీగ పోతోంది. మనిషెత్తు కన్నా కాస్త పైన, వెదురు కర్రల మీద, దాదాపు 180 మీటర్లు. ఇది పంపడానికి కాదు, వినడానికి మాత్రమే. హెరాల్డ్ బెవరేజ్ అనే అమెరికన్ ఇంజనీరు వందేళ్ల కిందట కనిపెట్టిన ఏరియల్ ఇది, ఆయన పేరే దీనికీ స్థిరపడింది. దూరపు కొసను ఒక రెసిస్టర్ ద్వారా భూమికి కలుపుతారు. అప్పుడు ఆ కొస చూసే దిక్కునుంచి వచ్చేదే బాగా వినిపిస్తుంది, మిగతా దిక్కుల రొద తగ్గిపోతుంది. కదిరి నుంచి యూరప్ వాయవ్యంలో ఉంది. సంకేతం పెద్ద ఏరియల్‌లో కన్నా నీరసంగానే వస్తుంది, కానీ రొద అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. ఈ బ్యాండ్‌లో గట్టిగా వినబడటం ఎవరికీ అక్కర్లేదు, శుభ్రంగా వినబడితే చాలు. ఇందులో మెలకువంతా ఈ తీగలోనే ఉందని నాకనిపించింది. వందల వాట్ల యంత్రం డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. వినికిడిని మాత్రం ఇలా చేను మీద పరుచుకోవాల్సిందే.

రాత్రి సంగటి, ఊరుబిండి తిన్నాక గదిలో కూర్చున్నాం. పగటిపూట ఈ బ్యాండ్‌లో ఊరి పొలిమేర దాటి పెద్దగా ఏమీ వినపడదు. ఐనోవరణంలో అన్నిటికన్నా కిందున్న డి పొర పగలంతా ఈ తరంగాలను మింగేస్తుంది. పొద్దు గుంకితే ఆ పొర కరిగిపోతుంది, తరంగాలు పై పొరల దాకా వెళ్లి తిరిగి భూమికి దిగుతాయి. మనకు చీకటి పడేసరికి జపాన్‌లో రాత్రి తొమ్మిది దాటి ఉంటుంది కాబట్టి ముందు తూర్పు తెరుచుకుంటుంది. యూరప్ మన అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా.

జపాన్ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఈ బ్యాండ్ పంపకంలో ఎంత మెలిక ఉందో దానివల్లే నాకు అర్థమైంది. 2020 దాకా జపాన్ వాళ్లకు ఇక్కడ ఉన్నవి రెండు తునకలు: 1810 నుంచి 1825, 1907.5 నుంచి 1912.5. మనకు మొదలయ్యేది 1820 దగ్గర. అంటే రెండు దేశాలవాళ్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలుసుకోగలిగింది ఐదు కిలోహెర్ట్జ్‌ల మేర మాత్రమే. ఆ ఐదూ నిండిపోతే ఎవరి తునకలో వాళ్లు పంపుతూ అవతలివాళ్ల తునకలో వినాలి. అలా వినడం, పంపడం వేర్వేరు చోట్ల చేయడం టాప్ బ్యాండ్ వాళ్లకు మొదటి నుంచీ అలవాటు. 2020లో జపాన్ తన వాటాను పెంచాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది.

పంచుకోవాల్సింది హామ్‌లతోనే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలకు, విమానాలకు దారి చూపడానికి వచ్చిన లోరాన్ కేంద్రాలు 1850, 1900, 1950 కిలోహెర్ట్జ్‌ల మీదే మోగేవి. అమెరికా హామ్‌లు యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి వాటి సందుల్లో, తక్కువ పవరుతో, అనుమతించిన వేళల్లోనే మాట్లాడుకున్నారు. మసాచుసెట్స్‌లోని విన్‌థ్రాప్‌లో స్టూ పెర్రీ అనే ఆయన నీళ్ల ట్యాంకు మీద ఏరియల్ కట్టి ఖండాంతరాలు అందుకున్నది ఆ సందుల్లోంచే. ఆయన పేరు మీద ఇప్పటికీ ఏటా డిసెంబరులో ఒక పోటీ నడుస్తుంది. అందులో ఎంత దూరం అందుకుంటే అన్ని పాయింట్లు. లోరాన్ వెళ్లిపోయింది. ఇప్పుడు చేపల పడవలు వలలకు కట్టి వదిలే రేడియో బోయాలు ఉన్నాయి. ఆ రాత్రి నేనే ఒకటి విన్నాను. సన్నని ఈల, దాని వెంట నెమ్మదిగా రెండు మూడు మోర్స్ అక్షరాలు, మళ్లీ నిశ్శబ్దం. ఎక్కడో సముద్రం మీద వల ఎక్కడుందో పడవకు చెబుతోంది. ఆయన దాన్ని తిట్టుకోలేదు. డయల్ అర కిలోహెర్ట్జ్ పక్కకు జరిపారంతే.

1840 దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక గుంపు రాగం తీస్తూ ఉంటుంది. అది ఎఫ్‌టీ8. నోబెల్ బహుమతి పొందిన ఖగోళ శాస్త్రవేత్త జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ కలిసి 2017లో తెచ్చిన పద్ధతి. కంప్యూటర్లు పదిహేనేసి సెకన్ల వంతులతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఒక్కో స్టేషన్‌కు 50 హెర్ట్జ్‌లు చాలు, మూడు కిలోహెర్ట్జ్‌ల్లో యాభై మంది పక్కపక్కనే ఇముడుతారు. గొంతుతో మాట్లాడితే ఆ మూడు కిలోహెర్ట్జ్‌లు ఒక్కరికే సరిపోతాయి. మన నలభైలో గొంతులు పదమూడుకు మించి పట్టవు. పైగా ఇక్కడ కింది సైడ్‌బ్యాండ్ వాడతారు కాబట్టి డయల్ 1821 మీద పెట్టి మాట్లాడితే గొంతు 1818 దాకా జారి, మనకు హక్కు లేని చోటికి వెళ్లిపోతుంది. అంచు దగ్గర నిలబడేవాళ్లకు ఈ లెక్క నోటికి రావాలి. ఇంత కొద్ది చోటులో ఎఫ్‌టీ8 పొదుపును ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. అయినా చెవి, చేయి కలిసి చేసే మోర్స్‌కు నా ఓటు. యంత్రం విప్పి చూపించిన పేరుకూ, రొదలోంచి మనమే ఏరుకున్న పేరుకూ నా దృష్టిలో చాలా తేడా ఉంది.

పదింటికి ఉన్నట్టుండి హెడ్‌ఫోన్‌లో గరగర మొదలైంది. ఆయన గోడకు తగిలించిన పాత ట్రాన్సిస్టర్ తీసుకుని చెప్పులేసుకున్నారు. వీధిలోకి నడిచాం. ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపి, ట్రాన్సిస్టర్‌ను బొంగరంలా కాకుండా చాలా నెమ్మదిగా తిప్పుతున్నారు. ఒక కోణం దగ్గర గరగర దాదాపు ఆగిపోయింది. లోపలున్న ఫెర్రైట్ కడ్డీ కొస రొద పుట్టే వైపు చూస్తే శబ్దం పడిపోతుందట. అలా రెండు చోట్ల నుంచి చూసి, రెండు గీతలూ కలిసే ఇంటి ముందు ఆగారు. అరుగు మీద కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ బల్బు. లోపలి చిన్న సర్క్యూట్ సెకనుకు వేల సార్లు కరెంటును తుంచుతుంటుంది, వడపోత లేని చవక బల్బయితే ఆ తునకల రొద మీడియం వేవ్ అంతటా చిమ్ముతుంది. ఆయన జేబులోంచి వేరే బల్బు తీసి, ఇంటావిడను అడిగి మార్చారు. ఆమె ఇదంతా చూసినట్టే ఉంది, నవ్వి ఊరుకుంది.

"రాత్రిపూట త్రీఫేజ్ ఉండదు కాబట్టి మోటార్ల స్టార్టర్ల గోల లేదు. పగిలిన ఇన్సులేటరైతే నేనే కనిపెట్టి చెప్తా. ఈ బల్బులు, చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లే ఎక్కువైపోయినాయి" అన్నారు.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదే. హామ్‌లు ఒకరికొకరు చోటిచ్చుకోగలరు, వాళ్లకు నియమాలున్నాయి, లైసెన్సుకు పరీక్షలున్నాయి. ఈ బల్బుకు బ్యాండ్ అనేది ఉందని కూడా తెలియదు. రొద చిమ్మని వస్తువులే అమ్మాలన్న కట్టుబాటు అంగట్లో గట్టిగా అమలైతేనే ఊళ్లో రేడియో బతుకుతుంది. లేకపోతే కడప కేంద్రం వినేవాళ్లకూ ఇదే గతి.

మూడున్నరయ్యింది. అప్పటిదాకా అక్కడొకటి ఇక్కడొకటి మినుకుమన్న బ్యాండ్ ఒక్కసారిగా మోర్స్‌తో నిండిపోయింది. ఒక స్టేషన్ మీద ఇంకొకటి, దాని అంచున మరొకటి. ఆయన ఫిల్టర్ బిగించి, నెమ్మదిగా కింద నుంచి పైకి వెళ్తున్నారు. 1826కు కాస్త పైన ఒక సందు కనిపించింది. వెంటనే పిలవలేదు. నిమిషం పాటు విన్నారు. తర్వాత 'క్యూఆర్‌ఎల్' అని నొక్కి ప్రశ్న గుర్తు పెట్టారు. పరాయి ఇంటి గడపలో నిలబడి లోపల ఎవరన్నా ఉన్నారా అని కేకేయడం లాంటిదది. వెంటనే ఒక్క అక్షరం బదులొచ్చింది. ఉన్నారు. మనకు వినపడని దూరపు స్టేషన్‌ను ఎవరో వింటున్నారు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా పక్కకు జరిగారు. ఇలా మూడు చోట్ల అడిగి, నాలుగో చోట రెండుసార్లు అడిగాకే పిలుపు మొదలుపెట్టారు.

"ముందు వినల్లప్పా. మాట్లాడేది ఎంతసేపు?"

నాకూ ఒక జత హెడ్‌ఫోన్ ఇచ్చారు. ఆరున్నర ప్రాంతంలో, తూర్పు తెల్లబడుతుంటే, యూరప్ స్టేషన్లు ఉన్నట్టుండి పైకి లేచాయి. సూర్యోదయానికి కాస్త అటూ ఇటూ ఈ బ్యాండ్ ఇలాగే ఎగసిపడుతుంది. ఒక సంకేతం వస్తూ పోతూ ఉంది. స్టేషన్ పిలుపు పేరులో ముందు రెండక్షరాలు దొరికాయి, ఓ, హెచ్. అంటే ఫిన్లాండ్. మిగిలిన సగం ఉరుముల చిటపటలో మునిగిపోయింది. ఆయన దొరికినంత మేరకే తిరిగి పంపారు. అవతలి మనిషి తన పేరు మళ్లీ పంపాడు, ఇంకోసారి పంపాడు. ఆ మధ్యలో ఎవరూ అడ్డం రాలేదు. అదే సందులో కాచుకున్న మరో ఇద్దరి పిలుపులు నాకు అంతకుముందే వినపడ్డాయి, వాళ్లూ చేయి తీసేశారు. మూడోసారికి పేరు పూర్తయింది. పోటీ లెక్క ప్రకారం జోన్ నంబర్లు మార్చుకున్నారు: అటునుంచి 15, ఇటునుంచి భారతదేశపు 22. లాగ్‌లో ఒక వరుస. పక్కన కాచుకున్నవాళ్లలో ఒకడు అప్పుడు పిలిచాడు.

ఏడుంబావుకల్లా డి పొర మళ్లీ లేచి యూరప్‌ను మూసేసింది. మేం బయటికొచ్చేసరికి పొరుగు చేను రైతు గట్టు మీద నిలబడి వెదురు కర్రల వంక చూస్తున్నాడు.

"సార్, ఎద్దులు కట్టి దున్నల్ల. తీగ ఎప్పుడు తీస్తారు?"

"ఆదివారం రాత్రి దాకా పోటీ ఉందప్పా. సోమవారం పొద్దున్నే చుట్టేస్తా."

"ఐతే సోమవారం మధ్యాన్నం కడతాలే" అని అతను ఎద్దుల్ని అటు కొసకు తోలుకుపోయాడు.