అరవని గొంతు

బ్రిటిష్ బృందం 'ది సండేస్' మూడో ఆల్బం 'స్టాటిక్ అండ్ సైలెన్స్' 1997లో వచ్చింది. అంతకుముందు ఆల్బం 'బ్లైండ్' వెలువడి అప్పటికి ఐదేళ్లు. ఈలోగా ఒయాసిస్, బ్లర్ బృందాల హోరులో ఇంగ్లండ్ మునిగిపోయింది. ఆ హోరుతో ఈ ఆల్బం పోటీపడదు. గాయని హ్యారియెట్ వీలర్ గొంతు ఎంత పైకి వెళ్లినా అరుపు కాదు. డేవిడ్ గావురిన్ గిటార్ దానికి దారి విడిచి పక్కనే నడుస్తుంది. 'సమ్మర్‌టైమ్' బ్రిటిష్ పట్టికలో 15వ స్థానం దాకా చేరింది, నిజమే. కానీ ఆల్బం అసలు సంపద చివరి పాట 'మోనోక్రోమ్'. 1969 జులైలో, ఇంకా తెల్లవారకముందే, చంద్రుడిపై మనిషి నడకను నలుపు తెలుపు టీవీలో చూస్తున్న పిల్లలు అందులో ఉన్నారు. చరిత్ర అంతటిది ఒక ఇంటి ముందుగదిలో ఇమిడిపోవడం ఎంత అపురూపం! ఈ ఆల్బం తర్వాత ఆ బృందం మరో ఆల్బం విడుదల చేయలేదు.