పత్తికట్టెతో గ్యాసు పొయ్యి

సారపాకలో గోదావరి వంతెన ఎక్కకముందే జామాయిల్, సుబాబుల్ లోడు లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. మొద్దులన్నీ పేపరు మిల్లుకే. వంతెన దాటి భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం దారి పడితే దృశ్యం మారుతుంది. పీకేసిన పత్తికట్టె చేల గట్ల మీద కుప్పలుగా పడి ఉంటుంది. కొన్నిచోట్ల దానికి నిప్పు పెట్టేశారు కూడా. ఆ పొగలోంచే ఆడవాళ్లు అడవి నుంచి కట్టెల మోపులు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. చేలో కాలిపోతున్నదీ వంటచెరకే, నెత్తిన మోసుకొస్తున్నదీ వంటచెరకే. ఇది చూశాక, నేను వెళ్తున్న కోయగూడెంలోని పొయ్యి మీద నా ఆసక్తి ఇంకా పెరిగింది.

ఆ పొయ్యి చూడటానికి మామూలు రేకు డబ్బా. ఒక డబ్బాలో ఇంకొకటి దించి, అడుగున కొన్ని చిల్లులు, లోపలి డబ్బా పైఅంచు చుట్టూ మరికొన్ని చిల్లులు పెట్టారు. ఇంటావిడ వేలెడంత ముక్కలుగా నరికిన పత్తికట్టె, విరిచిన మొక్కజొన్న బెండ్లు అందులో నింపింది. పైన ఎండుటాకులు వేసి అగ్గిపుల్ల గీసింది. మనం పొయ్యిని కింద నుంచి రాజేస్తాం, ఇక్కడ నిప్పు పై నుంచి పెట్టాలి. కాసేపు పొగ వచ్చింది. తర్వాత ఉన్నట్టుండి పొగ మాయమైంది. పైఅంచు చిల్లుల దగ్గర నుంచి పసుపుపచ్చని మంటలు లోపలికి వంగి, మధ్యలో కలిసి లేచాయి. కింద పుల్లలకు మంట లేదు, వట్టి ఎర్రటి సెగ.

కట్టెకు వేడి తగిలి, గాలి మాత్రం సరిపడా అందకపోతే అది మండదు, ఆవిరై విడిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, కొంచెం మీథేన్, తారు ఆవిరి పైకి లేస్తాయి. పైచిల్లుల నుంచి వచ్చే గాలి తగలగానే అవే మంటవుతాయి. మామూలు పొయ్యిలో కాలకుండా పొగగా పోయేది కూడా ఈ ఆవిరే. ఇక్కడ ఆ పొగనే కాల్చి వంట చేసుకుంటున్నాం. హైదరాబాదులో ఎన్. సాయిభాస్కర్ రెడ్డి ఇలాంటి పొయ్యిలు ఎన్నో నమూనాల్లో రూపొందించారు. మంట ఆగాక డబ్బాలో మిగిలిన బొగ్గును చేలో వేస్తే నేలకు మేలని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు.

కట్టె నుంచి గ్యాసు తీసే ఈ విద్య కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు దొరక్క మన ఊళ్లలో తిరిగిన బొగ్గు బస్సులు నడిచింది ఈ గ్యాసుతోనే. 1980ల చివర్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు కర్ణాటకలోని హోసహళ్లి అనే చిన్న ఊరికి కట్టెగ్యాసుతో కరెంటు ఇచ్చారు. యూనిట్ కరెంటుకు కిలో నుంచి కిలోన్నర కట్టె చాలు. కానీ ఇంజనులోకి పంపాలంటే గ్యాసులోని తారును కడిగి వడకట్టాలి. కష్టమంతా అక్కడే. పొయ్యికి ఆ బెడద లేదు, తారు కూడా మంటలోనే కాలిపోతుంది.

అన్నం ఉడికింది. గంట తిరగకుండానే మంట పొట్టిదై నీలిరంగుకు తిరిగింది. ‘‘నీలం తిరిగిందంటే గ్యాసు అయిపోయినట్టే సార్’’ అని ఆమె పొయ్యిని పట్టకారుతో వంచి, నిప్పులను కుండలో పోసి నీళ్లు చల్లింది. వేసిన బరువులో అయిదోవంతు దాకా బొగ్గు మిగులుతుంది. చల్లార్చకపోతే అదీ బూడిదే. చలికాలమని ఆ నిప్పులు తలుపులు మూసిన ఇంట్లో పెట్టుకోవడం మాత్రం ప్రాణాంతకం. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంత మంచి పొయ్యి పక్కనే మూడు రాళ్ల పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. ఎందుకని అడిగాను. ‘‘కూర ఉడక్కుండా మిగిలిపోద్ది సార్. మధ్యలో పుల్లెయ్యడానికి లేదు, మళ్లీ నింపాల. ఆ పుల్లలు కొట్టేదే పెద్ద పని. వానాకాలం ఎండుపుల్ల యాడుంటది?’’ అంది. పుల్ల పచ్చిదైతే మంట నిలవదు, పొగ మళ్లీ మొదటికొస్తుంది.

నాకు అసలు విషయం అక్కడ కనిపించింది. 1983లో దేశమంతా పొగరాని పొయ్యిల పథకం మొదలైంది, 2002లో ముగిసింది. కోట్లలో పొయ్యిలు కట్టారు, చాలావాటిని ఆ తర్వాత పట్టించుకున్నవారు లేరు. ఇళ్లలోని పొగ వల్ల ప్రపంచంలో ఏటా 32 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లెక్క చెబుతోంది. అయినా పథకం అనగానే మన దృష్టి డబ్బా మీదే ఉంటుంది. పుల్ల ఎవరు నరకాలి, ఎక్కడ ఆరబెట్టాలి అన్నది ఎవరూ అడగరు. ఆ చాకిరీ ఆడవాళ్ల మీదే పడుతుంది.

భద్రాచలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు, ఈ పనిలో ఉన్న స్వచ్ఛంద సంస్థలకు నా విన్నపం ఒకటే. ఇంటింటికీ పొయ్యి పంచే ముందు గూడేనికొక కట్టె ముక్కలు చేసే యంత్రం, వాన తగలని రేకుల షెడ్డు ఇవ్వండి. వాటిని మహిళా సంఘాల చేతికి అప్పగించండి. పత్తికట్టె చేలో కాల్చకముందే, తొలకరి రాకముందే ఆ షెడ్డు నిండాలి.