చింతచెట్టు తొర్రలో ఈగలు, నెల్రోజుల కాపలా

పోస్టు కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి. మీ గట్టు మీద తొర్రచెట్టు ఉండి అందులో తేనెటీగలు ఉంటే మాత్రం చివరిదాకా చదవండి. సగం తెలుసుకుని పని మొదలుపెడితే ఈగల్ని చంపుకుంటారు. నేను ఒకసారి అట్లనే చంపుకున్నాను, ఆ సంగతి కూడా చెప్తాను.

మా చిన్నాయన దొడ్లో ఒక చింతచెట్టు ఉండేది. మా తాత పుట్టకముందుదంటారు. మొద్దుకి మనిషెత్తు కంటే జానెడు పైన ఒక తొర్ర. నాకు తెలిసి పదేళ్ల పైనుంచి అందులో పుట్టతేనె ఈగలు కాపురం ఉన్నాయి. మొన్నటి గాలివానకు పెద్దకొమ్మ చీలి పశువుల కొట్టం రేకుల మీదకు వాలింది. కింద రెండు బర్రెలు, ఒక దూడ. చిన్నాయన చెట్టు కొట్టించేద్దామనుకున్నాడు. అందులో ఆయన తప్పేం లేదు.

చెట్టు కోసేవాళ్లు వచ్చి చూశారు. ఈగలు ఉంటే రంపం పెట్టం అన్నారు. "రాత్రికి గుడ్డ డీజిల్లో ముంచి తొర్రలో పెట్టి అంటిస్తాం, తెల్లారి కోస్తాం" అన్నారు. మన ఊళ్లల్లో మామూలుగా జరిగేది ఇదే.

ఆ దొడ్డి పక్కనే నాది అరెకరం పుచ్చ. అప్పుడే తీగ సాగుతోంది. పుచ్చలో మగపూవు వేరు, ఆడపూవు వేరని మీకు తెలుసు. పొద్దున్నే విచ్చుకున్న పూవు ఆ పూటతోనే సరి. ఆ కొన్ని గంటల్లో ఈగ వచ్చి పుప్పొడి అంటించకపోతే పిందె రాలిపోతుంది, నిలిచినా వంకర కాయవుతుంది. ఏటా నా చేనుకి ఆ కూలి చేసేవి ఈ తొర్రలో ఈగలే. నేను పైసా ఇచ్చింది లేదు.

చిన్నాయన దగ్గరికి పోయి అడిగాను. "చిన్నాయనా, ఒక నెల ఆగు. ఈగల్ని పెట్టెలోకి దించుకుంటా. ఆ తర్వాత నీ ఇష్టం."

"ఈగలు నీ మాట వింటాయా ఏందిరా?" అన్నాడు. చివరికి, "సంక్రాంతి అయిపోయింది. శివరాత్రి దాకా ఆగుతా. అప్పటికి కాకపోతే నన్ను అడగొద్దు" అన్నాడు. ఆ రోజే వాలిన కొమ్మ కింద దుంగలు పోటీ పెట్టి, పశువుల్ని వేపచెట్టు కిందికి మార్చాం.

ముందు నా పాత తప్పు చెప్తాను. నాలుగైదేళ్ల కింద ఒక వేపచెట్టు తొర్ర మీద ఇదే పని చేశాను. తొర్ర నోటికి జాలి పెట్టి, ఎదురుగా ఖాళీ పెట్టె పెట్టి, లోపల బెల్లం పూశాను. బెల్లానికి చీమలొచ్చాయి, ఈగలు రాలేదు. ఇంటికి పోలేక మొద్దు మీద గుత్తిగా వేలాడి రెండు రాత్రులు మంచులో ఉన్నాయి. మూడోరోజు సగం కింద రాలిపోయి ఉన్నాయి, మిగిలినవి ఎటు పోయాయో తెలియదు. ఈగ తీపికోసం ఇల్లు మారదు. పిల్లలు ఉన్నచోటికి పోతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక గూడు ఖర్చయింది.

ఇక పని ఎట్లా చేయాలంటే:

తొర్ర నోటికి జాలితో గరాటులాంటిది చేసి బిగించాలి. కిటికీలకి కొట్టే ఇనప దోమల జాలి చాలు. మూరెడు పొడుగు, వెడల్పు మూతి తొర్ర వైపు, సన్నమూతి బయటికి. సన్నమూతి చిటికెనవేలి కొన దూరేంత ఉంటే చాలు. లోపలి ఈగలు వెలుతురు చూసుకుని ఆ మూతిలోనుంచి బయటికొస్తాయి. మేతకి పోయి తిరిగొచ్చేటప్పుడు మాత్రం పాత గుమ్మం వాసన పట్టుకుని జాలి మొదటి దగ్గరే వెతుక్కుంటాయి. చివర్లో గాల్లో ఉన్న చిన్న మూతిలోకి దూరాలని వాటికి తోచదు.

ఆ మూతికి జానెడు దూరంలో పెట్టె పెట్టాలి. అందులో తప్పకుండా ఒక పిల్ల ఫ్రేము ఉండాలి. అంటే వేరే పెట్టెలోనుంచి తెచ్చిన గుడ్లు, చిన్న పురుగులు ఉన్న పట్టు, దానిమీద ఉన్న పడుచు ఈగలతో సహా. ఆ ఫ్రేములో రాణి రాకుండా చూసుకోవాలి, వస్తే ఇచ్చినవాడి పెట్టె ఆగమైపోతుంది. గుడ్లు, పురుగుల వాసనకి ఇల్లు దొరకని ఈగలు పెట్టెలోకి దిగుతాయి. రాణి లేదని చూసుకుని, ఆ లేత పురుగుల్లోనే కొన్నిటికి వేరే మేత పెట్టి కొత్త రాణిని చేసుకుంటాయి.

నాకు ఆ ఫ్రేము పక్క ఊరి మిత్రుడు ఇచ్చాడు. ఆయన దగ్గర పుట్టతేనె పెట్టెలు ఆరు ఉన్నాయి. ఇచ్చేముందు ఫ్రేముని ఎండకి పెట్టి ఒక్కొక్క గది చూపించాడు. పురుగు తెల్లగా, గుండ్రంగా చుట్టుకుని ఉండాలి. సంచిలో నీళ్లు నిండినట్టు సాగి, తల పైకెత్తి చచ్చి ఉంటే ఆ ఫ్రేము ముట్టుకోవద్దన్నాడు. అది థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు. 1991-92 ప్రాంతంలో కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పుట్టతేనె పెట్టెలు లెక్కలేనన్ని దీనివల్లే ఖాళీ అయ్యాయి. చాలామంది ఇటాలియన్ ఈగకి మారింది ఆ తర్వాతే. అందుకే తొర్రలో ఎవరి సాయం లేకుండా ఏళ్ల తరబడి నిలబడ్డ గూడంటే నాకు విత్తనం దాచుకున్నంత విలువ.

మొదటి రెండు రోజులు కన్నాలు వెతకడమే సరిపోయింది. పెద్ద తొర్ర కాకుండా ఇంకో రెండు సందులు కనిపించాయి. పేడ, బంకమట్టి కలిపి మెత్తి, పైన రేకుముక్క కొట్టాను. చెట్టు పక్కన నాలుగు గుంజలు పాతి చిన్న మంచె వేసి దానిమీద ఏడు ఫ్రేముల పెట్టె పెట్టాను. చీమలెక్కకుండా గుంజలకి వాడేసిన ఇంజనాయిల్లో ముంచిన గుడ్డ చుట్టాను. ఇది మర్చిపోకండి, ఒక్క రాత్రిలో చీమలు పిల్ల ఫ్రేముని తినేస్తాయి. పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి పోయాక జాలి బిగించాను. ముఖానికి ముసుగు, చేతికి పొగడబ్బా ఉన్నా నాలుగు కుట్టనే కుట్టాయి. కుడితే ముల్లుని గోటితో గీకి తీసేయండి, పిండకండి. ఎవరికైనా ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తే పసరు, సున్నం అని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

తెల్లారి పది గంటలకి చూస్తే జాలి మొదట్లో ఈగలు బొబ్బట్టంత గుంపుగా చేరాయి. గుండె ఝల్లుమంది, వేపచెట్టే గుర్తొచ్చింది. సాయంత్రానికి కొన్ని పెట్టె గుమ్మంలో దిగి, తోక పైకెత్తి రెక్కలాడించడం మొదలుపెట్టాయి. అవి అట్లా వాసన వదిలి మిగతావాటిని పిలుస్తాయి. చీకటి పడేలోపు గుంపు సగం తగ్గింది. మిగిలినవాటిని మెత్తటి కుంచెతో పెట్టెలోకి తోశాను.

మూడోరోజు పెట్టె దగ్గర రాకపోకలు పెరగాల్సింది పోయి తగ్గాయి. ఎందుకో అర్థం కాలేదు. చిన్నాయన మనవడు, ఏడేళ్ల పిల్లోడు, "పెదనాయనా, వేరు కిందకి పసుపు మోసుకుపోతున్నాయి" అన్నాడు. పోయి చూస్తే రెండు వేర్ల మధ్య వేలు దూరేంత కన్నం. కాళ్లకి పుప్పొడి ముద్దలతో ఈగలు బారులు కట్టి లోపలికి పోతున్నాయి. మొద్దు కిందిదాకా గుల్ల. దాన్ని మూశాకే పని దారిలో పడింది. మీరు చేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి, ఈగ ఎటునుంచి వస్తోందని కాదు, పుప్పొడి మోసుకుని ఎటు పోతోందో చూడండి.

ఎనిమిదో రోజు ఒక్కసారి పెట్టె తెరిచాను. ఫ్రేము అంచున వేరుశనక్కాయల్లాగా మూడు గదులు వేలాడుతున్నాయి. అవి రాణిగదులు. ప్రాణం కుదుటపడింది. మూత పెట్టేసి మళ్లీ రెండు వారాలు ముట్టుకోలేదు. పుట్టతేనె ఈగని మాటిమాటికి కదిలిస్తే పెట్టె ఖాళీ చేసి పోతుంది. రోజూ పొద్దున, సాయంత్రం గుమ్మం ముందు కూర్చుని చూడటమే. పుప్పొడి లోపలికి పోతుంటే ఇల్లు నడుస్తున్నట్టే.

ఇంతసేపు పట్టడానికి కారణం ఒకటుంది. లోపల ఉన్న పిల్లలు గుడ్డు నుంచి ఈగ కావడానికి ఇరవై రోజుల దాకా పడుతుంది. అవి పుట్టి, పెరిగి, మేతకి బయటికొచ్చినప్పుడే మన పెట్టెకి చేరతాయి. తొందరపడితే లోపల పిల్లలు ఆకలితో చస్తాయి. వానాకాలంలో కూడా ఈ పని పెట్టుకోకండి. కొత్త రాణి ఎగిరి జతకట్టాలంటే పోతుటీగలు ఉండాలి, మేత ఉండాలి. మాకు మామిడి పూత మీద ఉంది కాబట్టి సరిపోయింది.

ఇరవై ఐదో రోజు తెరిస్తే గదుల అడుగున గుడ్లు, బియ్యపు నూకలో సగం కూడా లేవు, గదికి ఒక్కటి. కొత్త రాణి పెట్టడం మొదలుపెట్టింది. నేను మంచె మీదనుంచే అరిచాను. చిన్నాయన కొట్టంలోనుంచి వచ్చి చూశాడు. కాసేపాగి అడిగాడు, "మరి పాతది?"

ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. ఈ పద్ధతిలో ముసలి రాణి ఎప్పుడో గాని బయటికి రాదు. కూలి ఈగలన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చేస్తాయి, మేత తెచ్చేవాళ్లు ఉండరు, అది లోపల మిగిలిపోతుంది. అదే చెప్పాను. చిన్నాయన తొర్ర వంక చూసి, "పిల్లలంతా పోతే ముసిల్ది ఒక్కతే ఇంట్లో కూర్చున్నట్టు" అన్నాడు. ఆయన ఇద్దరు కొడుకులూ హైదరాబాదులోనే. మనవడు పండక్కొచ్చి జ్వరం తగిలి ఆగిపోయాడు, అంతే. నేనేం మాట్లాడలేకపోయాను.

నెల దగ్గరపడ్డాక జాలినుంచి రోజుకి నాలుగైదు ఈగలు కూడా రావడం లేదు. అప్పుడు జాలి తీసేశాను. పెట్టెలో ఈగలు తొర్రలోకి పోయి, మిగిలిన తేనెని నాలుగు రోజుల్లో మోసుకొచ్చుకున్నాయి. వాటి సొమ్ము వాటికే చేరింది. ఐదోరోజు రాత్రి పెట్టె గుమ్మానికి జాలి కొట్టి, మిత్రుడి తోటకి తీసుకుపోయాను. నాలుగు కిలోమీటర్ల దూరం. దగ్గర్లోనే పెడితే మేతకి పోయినవి పాత చోటుకే తిరిగొస్తాయి. రెండు వారాలయ్యాక మళ్లీ తెచ్చి నా పుచ్చచేను గట్టున పెట్టుకున్నాను.

శివరాత్రికి రెండు రోజుల ముందు చెట్టు కోశారు. తొర్ర రెండుగా పగిలితే ఏడు పట్లు బయటపడ్డాయి. పాతవి నల్లగా, కొత్తవి తెల్లగా. చుక్క తేనె లేదు. అడుగున గుప్పెడు చచ్చిన ఈగలు. రాణి కోసం చాలాసేపు వెతికాను, కనపడలేదు. చీమలు ఎత్తుకుపోయి ఉంటాయి.

పెట్టె, జాలి, మేకులు అన్నీ కలిపి నాకు రెండు వేల చిల్లర అయింది. ఈ ఏడు తేనె తీయలేదు, తీయను కూడా. పుచ్చ మాత్రం గుండ్రంగా పట్టింది. మందు కొట్టాల్సొస్తే పూవు ముడుచుకుని ఈగలు ఇంటికి పోయాక సాయంత్రం పూటే కొడుతున్నాను.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇది చదివి రేపే జాలి పట్టుకుని చెట్ల మీద పడకండి. చెట్టు నిలబడేదైతే ఈగల్ని అక్కడే ఉండనివ్వండి. మన పెట్టె కంటే ఆ తొర్రే వాటికి మంచి ఇల్లు. రోడ్డుకో, గాలివానకో, ఇంటికో చెట్టు పోక తప్పదనుకున్నప్పుడు మాత్రం డీజిల్ గుడ్డ అంటించే ముందు ఒక నెల గడువు అడగండి. మా చిన్నాయన లాంటి మొండి మనిషే ఇచ్చాడు, మీవాళ్లు కూడా ఇస్తారు. గడువు ఇచ్చినప్పుడు మాత్రం పిల్ల ఫ్రేము లేకుండా పని మొదలుపెట్టకండి.

మీ ఊళ్లో తొర్ర ఈగల్ని ఇంకోరకంగా దించేవాళ్లు ఉంటే, ముసలి రాణిని కూడా బతికించి తెచ్చే ఉపాయం తెలిసినవాళ్లు ఉంటే, దయచేసి రాయండి. చిన్నాయనకి జవాబు చెప్పాలి.