టాంపనీస్‌లో గోడ కొట్టాలంటే

సింగపూర్‌లో ఏ హెచ్‌డీబీ బ్లాక్‌కి వెళ్లినా లిఫ్ట్ దగ్గర అతికించిన కాగితాలు ఓసారి చదవండి. డెంగీ జాగ్రత్తలు, పండుగ కార్యక్రమం, వాటి పక్కనే ఇంకో నోటీసు. ఫలానా ఇంట్లో పనులు జరుగుతాయి, ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా, ఇదిగో కాంట్రాక్టర్ నంబరు. ఎవరింట్లో టైల్స్ మారుస్తున్నారో బ్లాకంతటికీ తెలుస్తుంది. మా అక్కావాళ్లు టాంపనీస్‌లో ఇల్లు కొనేదాకా ఆ కాగితం విలువ నాకు తెలీదు.

హెచ్‌డీబీ అంటే 1960లో ఏర్పడిన ప్రభుత్వ గృహనిర్మాణ బోర్డు. ఇక్కడ ముప్పావు వంతు మందికి పైగా దీని ఇళ్లలోనే ఉంటారు. కొనుక్కున్నా చేతికొచ్చేది 99 ఏళ్ల లీజే. అక్కావాళ్లు తీసుకున్నది 1980లలో కట్టిన ఫ్లాటు, కాబట్టి అందులో చాలా ఏళ్లు అప్పుడే కరిగిపోయాయి. అయినా ఇల్లు ఇల్లే. కొన్న మర్నాటి నుంచే కోరికల జాబితా మొదలైంది. అక్కకి వంటగది గోడ తీసేసి హాల్లో కలపాలి. వాళ్ల అత్తగారికి పొయ్యి ఆగ్నేయంలోకి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం బాత్రూమ్. మోకాలి ఆపరేషన్ అయిన మా నాన్న మూడు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఆ నున్నటి పాత టైల్స్ మీద ఆయన కాలు జారితే?

ముందుగా తేలిపోయింది అత్తగారి కోరికే. వంటగదినీ బాత్రూమునీ వేరేచోటికి మార్చడానికి వీల్లేదు. కారణం వాస్తు పండితులకి కూడా నచ్చేలా ఉంది. మన వంటగది కింద కింది వాళ్ల వంటగదే ఉండాలి. మనం సింకుని పడగ్గదిలోకి జరిపితే, రేపు లీకైన నీళ్లు పడేది కింద ఎవరి మంచం మీదో! ఆవిడ వీడియో కాల్‌లో కాసేపు మౌనంగా ఉండి, “పోన్లే, తూర్పుకి తిరిగి వండుకో” అని రాజీకొచ్చారు.

గోడ సంగతి కాంట్రాక్టర్ చూశాడు. బోర్డు జాబితాలో ఉన్న కాంట్రాక్టర్లే ఈ పనులు చేయాలి, పర్మిట్‌కి వాళ్లే దరఖాస్తు పెడతారు. అతను ప్లాన్ పరిచి వేలు పెట్టి చూపించాడు. ఈ ముక్క ఇటుక గోడ, అనుమతి రావచ్చు. ఆ పక్కది కాంక్రీటు, పై అంతస్తుల బరువు మోస్తోంది, అడగడం కూడా దండగ. అక్క మొహం చిన్నబోయింది. నాకు మాత్రం హైదరాబాద్‌లో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. అక్కడ కింది ఫ్లాటాయన ఒక ఆదివారం పొద్దున్నే గోడ పగలగొట్టి షట్టర్ పెట్టించాడు. అడిగితే “నా గోడ నా ఇష్టం” అన్నాడు. అది పిల్లరా, గోడా, ఎవరూ చూడలేదు. వారం తర్వాత మా వంటింట్లో పగుళ్లొచ్చాయి.

ఇక్కడ ఆదివారం సుత్తి ఎత్తడానికి లేదు. డ్రిల్లింగ్, పగలగొట్టడం లాంటి మోత పనులు సోమవారం నుంచి శుక్రవారం వరకే, పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా. మిగతా పనులకి శనివారం కూడా ఉంది, 6 గంటలకల్లా ఆపేయాలి. పాత బ్లాకుల్లో ఒక నెలలో ముగించాలి, కొత్త బ్లాకులకి మూడు నెలలు ఇస్తారు. కొత్త ఇళ్లలో అయితే మొదటి మూడేళ్లు బాత్రూమ్ టైల్స్ ముట్టుకోనివ్వరు, కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతింటుందని. పాత టైల్స్ మీదే కొత్తవి పరవచ్చు గానీ మొత్తం మందం 50 మిల్లీమీటర్లు దాటకూడదు. శ్లాబు మోసే బరువుకీ లెక్క ఉంటుంది మరి. ప్రైవేటు కాండోల్లో ఉండే మిత్రులది ఇంకో తంతు. అక్కడ మేనేజ్‌మెంట్‌కి ముందే డిపాజిట్ కట్టాలి, పనివాళ్ల పేర్లివ్వాలి.

బావ నోటీసుతో పాటు ఓ బిస్కెట్ల డబ్బా పట్టుకుని పక్కిళ్లన్నీ తిరిగాడు. ఎదురింటి చైనీస్ ఆంటీకి ఎనభై దాటి ఉంటాయి. నోటీసు కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివి, “రెండింటికి నేను పడుకుంటాను” అంది. ఆ గంటలో పనివాళ్లని గోడ జోలికి పోనివ్వొద్దని చట్టంలో ఎక్కడా లేదు. కాంట్రాక్టర్ గొణుగుతూనే వాళ్ల భోజనం టైము అప్పటికి జరిపాడు.

బాత్రూమ్‌లో పాతవి తీసి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ వేసి, జారని టైల్స్ పరిచారు. గుమ్మం దగ్గరి గట్టు తీసేద్దామంటే కాంట్రాక్టర్ వద్దన్నాడు, నీళ్లు బయటికి రాకుండా ఆపేది అదేనట. దానికి చిన్న ర్యాంపు, పక్కన పట్టుకోవడానికి రెండు కడ్డీలు. వంటగది గోడ సగమే పోయింది. మిగిలిన కాంక్రీటు ముక్కకి అక్క పోపుడబ్బాల అర కొట్టించుకుంది. ఇప్పుడు అదే బాగుందంటోంది, నేను నమ్మను.

పాలు పొంగించిన రోజు లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్ నుంచి మామిడాకులు తెచ్చాం. ఎదురింటి ఆంటీ ఓ అనాసపండు పట్టుకొచ్చి గుమ్మంలోంచి లోపలికి దొర్లించమంది. హొక్కియెన్ భాషలో దాని పేరు ‘ఓంగ్ లాయ్’, కలిమి వస్తోందన్న మాటలా వినిపిస్తుందట. బావ దొర్లించాడు. అది తిన్నగా పోయి ఆ కాంక్రీటు గోడకే తగిలి ఆగింది.

నాన్న వచ్చే నెల 12న దిగుతున్నారు.