పాదరక్ష, ముడత, స్వధర్మం

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్మపితామహుని ఒక ప్రశ్న అడుగుతాడు: పుణ్యకర్మలలో ఛత్రాన్ని, పాదరక్షలను దానం చేసే ఆచారం ఎలా ఏర్పడింది? సమాధానంగా భీష్ముడు జమదగ్ని మహర్షి కథ చెబుతాడు. మహర్షి ధనుర్విద్యా వినోదంలో బాణాలు వేస్తుంటే ధర్మపత్ని రేణుకాదేవి వాటిని ఏరి తెచ్చి ఇస్తున్నది. జ్యేష్ఠమాసపు మధ్యాహ్నం. శిరస్సు మాడి, పాదాలు కాలి, ఆమె ఒక వృక్షచ్ఛాయలో కాసేపు నిలిచింది. ఆలస్యానికి కారణం విన్న మహర్షి సూర్యునిపైనే బాణం ఎక్కుపెట్టాడు. సూర్యభగవానుడు విప్రరూపంలో వచ్చి ప్రసన్నుని చేసుకుని, తలకు గొడుగును, పాదాలకు తోలు పాదరక్షలను ప్రసాదించాడు.

ఈ కథలో నన్ను ఆకర్షించిన అంశం ఒకటున్నది. పాదరక్ష ఏ రాజభోగం కోసమో పుట్టలేదు. కాలిన ఒక పాదం కోసం పుట్టింది. ఎండకు మాడిన ఆ పాదం ఎవరిదో, దానికేమి కావాలో తెలిసిన తరువాతనే ఆ వస్తువు వచ్చింది. నాటికీ నేటికీ మంచి పాదరక్షకు లక్షణం ఇదే. అది ఒక పాదానికి చెందుతుంది.

తోలు వస్తువును గురించి ఆధ్యాత్మిక ప్రసంగమేమిటని కొందరు సాధకులకు సంశయం కలగవచ్చు. అహింసావ్రతం దృష్ట్యా తోలును పూర్తిగా విడిచినవారి నిష్ఠకు నమస్కరిస్తాను. అయితే గీతాచార్యుడు షష్ఠాధ్యాయంలో ధ్యానయోగికి ఆసనం నిర్దేశిస్తూ కుశలతో, వస్త్రంతో పాటు అజినాన్ని కూడా చెప్పాడు. ఒక ప్రాణి విడిచిన చర్మాన్ని వాడుకోవడం అంటే ఆ ప్రాణికి ఋణపడటం. ఆ వస్తువును గౌరవంగా, దీర్ఘకాలం, వ్యర్థం చేయకుండా వాడటం ఆ ఋణానికి మనం చెల్లించగల వడ్డీ. ఏడాదికొక జత కొని పారవేసేవారు ఈ మాటను ఒకసారి మననం చేయాలి.

పచ్చి చర్మం రెండు రోజులలో కుళ్ళుతుంది. దానిని తోలుగా మార్చడానికి మన పల్లెలలో తంగేడు చెక్కను, కరక్కాయను నీట నానబెట్టి, ఆ కషాయం నింపిన లందలో చర్మాన్ని రోజుల తరబడి ఊరవేసేవారు. ఏ తంగేడు పువ్వును బతుకమ్మలో పేరుస్తామో ఆ తంగేడు బెరడే ఇది. ఆ వగరు చర్మపు పోగులలోనికి ఇంకి, వాటిని ఒకదానితో ఒకటి బంధిస్తుంది. అప్పుడది కుళ్ళదు, కానీ వంగే గుణాన్ని కోల్పోదు. దీక్ష పొందిన చిత్తం కూడా ఇటువంటిదే. వికారానికి లొంగదు, సంస్కారాన్ని స్వీకరించే మార్దవాన్ని విడువదు.

ఇక బూటు విషయం. మేలైన తోలు బూటు కొత్తలో కఠినంగా ఉంటుంది. దాని అట్టలో తోలు పొరలు, వాటి మధ్య బెండు పొడి పొర ఉంటాయి. పై తోలును, లోపలి అట్టను కలిపి చుట్టూ ఒక సన్నని తోలు పట్టీ కుడతారు. దానిని వెల్టు అంటారు. అడుగు అట్టను ఆ పట్టీకి వేరుగా కుడతారు. ఈ పద్ధతి 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికాలో యంత్రరూపం పొందింది. దీనివలన అడుగు అరిగినప్పుడు పై తోలును గాయపరచకుండా కుట్టు విప్పి, కొత్త అట్ట వేయవచ్చు. దేహం మారినా దేహి నిలిచే తీరును తెలుసుకోగోరేవారికి ఇది చక్కని ఉపమానమే. కానీ నేను చెప్పదలచినది అది కాదు. నేను చెప్పదలచినది ముడతను గురించి.

అందరూ బూటు పొడవును చూసి కొంటారు. తెలిసినవారు మరొకటి చూస్తారు. బొటనవేలి మూలంలో ఒక కీలు ఉన్నది. మడమ నుండి ఆ కీలు వరకు గల దూరం ముఖ్యం. ఆ కీలు బూటులో అత్యంత విశాలమైన చోట నిలవాలి. ఎందుకంటే పాదం వంగేది అక్కడ, బూటు వంగవలసినదీ అక్కడే. రెండూ ఒకచోట కలిస్తే తోలు మీద పలుచని ముడతలు వరుసగా, కెరటాలవలె పడతాయి. కలవకపోతే ముడత లోతుగా, వాడిగా పడి వేళ్ళను నొక్కుతుంది. తోలు వాడుకలో వెడల్పుకు కొంత సాగుతుంది, పొడవుకు సాగదు. సాయంకాలానికి పాదం కొంత ఉబ్బుతుంది గనుక ఆ వేళనే కొలత చూసుకోవాలి. మొదటి రోజులలో మడమ కొద్దిగా లేచినట్లు అనిపించడం సహజం. అట్ట వంగడం నేర్చిన తరువాత అది సర్దుకుంటుంది.

ముడత ఒకసారి పడితే పోదు. తరువాతి ప్రతి అడుగూ ఆ గాడిలోనే వంగుతుంది. యోగశాస్త్రం సంస్కారమని దేనిని అంటున్నదో దానికి ఇంతకన్న ప్రత్యక్షమైన నిదర్శనం నేను చూడలేదు. ఒక కర్మ ఒక రేఖను వదలుతుంది, ఆ రేఖ తరువాతి కర్మకు దారి అవుతుంది. పైకి కనిపించే ముడత కంటె లోపలి అట్ట మీది ముద్ర మరింత నిజమైనది. బూటు లోపల చేయి పెట్టి తడిమి చూడండి. మడమ గుంట, అయిదు వేళ్ళ గుంటలు, శరీరభారం ఏ అంచున ఎక్కువగా పడుతున్నదో ఆ పల్లం అక్కడ స్పష్టంగా తెలుస్తాయి. పైనున్న ముడతను లోకం చూస్తుంది. లోపలి ముద్రను ధరించినవాని పాదం మాత్రమే ఎరుగుతుంది. వాసన అన్న మాటకు అర్థం అక్కడ ఉన్నది.

మా నాన్నగారు నల్లమలలో అటవీశాఖ ఉద్యోగి. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే జత బూట్లు ధరించారు. మూడుసార్లు అట్ట మార్పించారు. రోజూ తెల్లవారుజామున విష్ణుసహస్రనామ పారాయణం, ఏడాదికొకసారి నడిచి అహోబిల యాత్ర, ఎగువ అహోబిలంలో నరసింహస్వామి సన్నిధిలో కొంతసేపు మౌనం. ఇది ఆయన సాధన. ఆయన పరమపదించిన పిదప పన్నెండవ రోజున శాస్త్రప్రకారం గొడుగు, కొత్త చెప్పులు దానమిచ్చాము. పాత బూట్లు ఇంటిలోనే ఉండిపోయాయి. పారాయణ గ్రంథం కూడా ఉండిపోయింది. "నీవు పెద్దకొడుకువు, నాన్న చేసినట్లే అన్నీ నీవు చేయాలి నాయనా" అని బంధువులందరూ అన్నారు. అమ్మ ఏమీ అనలేదు గాని, తెల్లవారుజామున ఆ గది వైపు చూసేది.

నాన్నగారిదీ నాదీ ఒకటే కొలత. అంకె ఎనిమిది. ఆ బూట్లను తుడిచి, నూనె పట్టించి, ఒక నెల పాటు తొడిగాను. పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోయింది. కానీ కుడికాలి చిటికెన వేలి మూలంలో ముడత లోపలికి గుచ్చుకునేది. ఆయనకు యౌవనంలో కుడి మోకాలికి దెబ్బ తగిలింది. అందువలన ఆయన బరువు పాదపు వెలుపలి అంచు మీద పడేది. ముడత కూడా ఏటవాలుగా పడింది. నా పాదం తిన్నగా వంగుతుంది, ఆ తోలు ఏటవాలుగానే వంగుతుంది. ఆయనకు ముప్పై మైళ్ళ అడవిదారిలో సుఖమిచ్చిన బూటు, నాకు బజారు వరకు కూడా సుఖమివ్వలేదు.

వాటిని మూడుసార్లూ బాగుచేసిన చర్మకారుడు మా ఊరి బజారులో ఇంకా పని చేస్తున్నాడు. ఆయన వద్దకు తీసుకువెళ్ళి, ఈ ముడత తీయవచ్చునా అని అడిగాను. బూటు లోపల వేళ్ళు పెట్టి తడిమి, కాసేపు ఊరుకున్నాడు. "ఇది పెద్దసారు నడక సామీ. దీన్ని తీస్తే తోలే చీలుతాది. బూటు మీకొచ్చింది గాని నడక రాదు గదా" అన్నాడు. ఆరెను పక్కన పెట్టి, నన్ను గోనెపట్టా మీద నిలబెట్టి నా పాదం కొలత తీసుకున్నాడు.

స్వధర్మం గుణహీనమైనా పరధర్మం కన్న మేలన్న భగవద్వాక్యాన్ని నేను చిన్ననాటి నుండి విన్నాను. పరధర్మమంటే పరాయివారి ధర్మమని అనుకునేవాడిని. కన్నతండ్రి నడక కూడా నాకు పరధర్మం కాగలదని ఆ రోజున తెలిసింది. పారాయణంలో నా చిత్తం నిలవదు. ఒక నామాన్ని పట్టుకుని దాని అర్థంలోనికి దిగితే గంటసేపు నిలుస్తుంది. నాన్నగారి భక్తి కీర్తనరూపం, నా ప్రవృత్తి విచారరూపం. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. వంగే కీలు వేరు, అంతే.

అప్పుడు భరతుడు జ్ఞప్తికి వచ్చాడు. చిత్రకూటంలో అన్నగారి పాదుకలను స్వీకరించిన భరతుడు వాటిని ఏనాడూ తొడగలేదు. శిరస్సున ధరించి తెచ్చి, నందిగ్రామంలో సింహాసనం మీద నిలిపి, పదునాలుగేళ్ళు తన నడక తాను నడుస్తూ వాటికి నివేదించాడు. కల్యాణ నగరంలో 12వ శతాబ్దపు శివశరణుడు హరళయ్య, తానూ తన భార్యా తమ తొడల చర్మంతో చేసిన పాదరక్షలను సమర్పించగా, బసవేశ్వరుడు వాటిని తొడగక తలపై ఉంచుకున్నాడని ఐతిహ్యం. పెద్దలనుండి వచ్చిన పాదుకకు స్థానం శిరస్సు. పాదం తన దారిని తానే అరగదీసుకోవాలి.

మరి పరంపర అంటే ఏమిటి? నాన్నగారి నుండి నాకు వచ్చినది ఏమిటి? ముడత రాలేదు గాని, దానిని పోషించే విధానం వచ్చింది. రోజు విడిచి రోజు తొడిగేవారు, చెమట ఆరడానికి ఒక దినం విశ్రాంతి ఇచ్చేవారు. తడిసిన బూటును పొయ్యి దగ్గరా ఎండలోనూ పెట్టనిచ్చేవారు కాదు. నీడలో, లోపల కాగితాలు కుక్కి ఆరబెట్టేవారు. గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో ముందుగా ముడతల లోపలి దుమ్మును తీసేవారు. ఎందుకంటే తోలు ముడత వలన పగలదు. ముడతలో నిలిచిన దుమ్ము పోగులను కోస్తుంది, ఎండిన తోలు అక్కడ బీటలు వారుతుంది. ఆ తరువాతనే నూనె, అదీ మితంగా. అతిగా పట్టిస్తే తోలు మెత్తబడి బిగువు కోల్పోతుంది. మన వాసనలను నిర్మూలించలేక వగచే సాధకులకు ఇందులో ఆశ్వాసమున్నది. ముడత ఉండటం దోషం కాదు. నిత్యం దుమ్ము దులిపి, మితంగా స్నిగ్ధత నిలిపితే, ఆ ముడతతోనే దశాబ్దాలు నడవవచ్చు. అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగక, ఆదరంతో సాగాలని పతంజలి మహర్షి చెప్పినది ఈ ఆదరాన్నే.

నా కొత్త బూట్లకు ఇప్పుడు నాలుగేళ్ళు. ముడతలు తిన్నగా పడ్డాయి. తెల్లవారుజామున నాన్నగారు కూర్చున్న చోటనే కూర్చుంటాను. సహస్రనామాలలో ఒక్క నామం తీసుకుంటాను, మరునాడు దాని తరువాతి నామం. వేయి నామాలకు దాదాపు మూడేళ్ళు పట్టింది. ఇప్పుడు రెండవ ఆవృత్తి. మొదటి నామం "విశ్వం" దగ్గర మళ్ళీ కూర్చున్న రోజున అమ్మ గది గుమ్మం దాకా వచ్చి, ఏమీ అడగకుండా, దీపంలో నూనె పోసి వెళ్ళింది.

సర్వం శ్రీలక్ష్మీనృసింహార్పణమస్తు.